ఒకే రంగు, మూడు గొంతులు

గిల్బర్ట్ వైట్ బల్ల మీద మూడు చచ్చిన పిట్టలున్నాయి. మూడూ గుప్పిట్లో ఇమిడిపోయేంతవే. మూడింటికీ వీపు పాచిరంగు, కడుపు పసుపు కలిసిన తెలుపు, కంటి పైన లేత చార. ఇంగ్లండు జనం వాటన్నిటినీ కలిపి విల్లో రెన్ అనేవాళ్లు. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అచ్చువేసిన జీవజాతుల జాబితాలోనూ వాటికి దొరికేది ఒకటే పేరు. 1768 ఆగస్టు 17న ప్రకృతి శాస్త్రజ్ఞుడు థామస్ పెన్నంట్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం వైట్ ఇక వాదనకు తావు లేదన్నట్టు తేల్చేశాడు. ఇవి మూడు వేరువేరు జాతులు. ఆ మాట ఆయనకు ముందు తట్టింది బల్ల మీద వాటిని చూసినప్పుడు కాదు, చెట్ల మీద వాటి పాట విన్నప్పుడు.

సెల్బోర్న్ లండన్‌కు నైరుతిగా, హాంప్‌షైర్ కౌంటీలో ఉన్న చిన్న పల్లె. ఊరి వెనక నిటారుగా లేచిన సుద్దకొండ, దాని వాలంతా బీచ్ చెట్లు. ఊళ్లోవాళ్లు ఆ వాలు అడవిని హాంగర్ అంటారు. 1753లో వైట్, ఆయన తమ్ముడు జాన్ కలిసి దాని మీదికి వంకర్లు తిరిగే కాలిబాట వేయించారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. వైట్ 1720లో ఆ ఊళ్లోనే పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, ఓరియల్ కాలేజీలో ఫెలో అయ్యాడు. అయినా మళ్లీ ఊరికే వచ్చి, చుట్టుపక్కల చర్చిల్లో సహాయ పాదిరిగా పనిచేస్తూ కాలం గడిపాడు. పెళ్లి చేసుకోలేదు. 1751 నుంచి తోటపని డైరీ రాస్తూ వచ్చాడు. ఏ రోజు ఏ విత్తు వేశాడో, ఏ రోజు మంచు కురిసిందో అన్నీ అందులో ఎక్కేవి. ఆయనకున్న లోటల్లా ఒక్కటే. ప్రకృతి పట్ల ఆసక్తి ఉన్న మనిషి ఇరుగుపొరుగున ఒక్కరూ లేరు. ఆ మాట పెన్నంట్‌కు రాస్తూ కాస్త బాధపడ్డాడు కూడా. నిజానికి మనం ఆ పొరుగువాళ్లకు రుణపడి ఉండాలి. మాట్లాడుకోడానికి మనిషి దొరికి ఉంటే ఆయన అన్ని ఉత్తరాలు రాసేవాడు కాదు.

ఆ కాలంలో చిన్న పిట్టను గుర్తుపట్టాలంటే తుపాకీ ఒక్కటే దారి. బైనాక్యులర్లు లేవు. ఎనిమిది, పది గ్రాముల పిట్ట ఆకుల మధ్య క్షణం నిలవదు. పురుగు కోసం ఒక రెమ్మ నుంచి ఇంకో రెమ్మకు గెంతుతూ, రెక్క దులుపుకుంటూ పోతుంటుంది. కిందినుంచి చూసేవాడికి కనిపించేది కడుపు మాత్రమే, అదీ ఆకుల పచ్చ వెలుగు పడి రంగు మారి కనిపిస్తుంది. కాబట్టి కాల్చాలి, కొలవాలి, తోలు ఒలిచి ఎండబెట్టి భద్రపరచాలి. అక్కడ ఇంకో చిక్కుంది. ఎండిన తోలు మీద కాళ్ల రంగు నిలవదు. పాట ఎటూ ఉండదు. పక్షిశాస్త్రం చాలాకాలం ఈ మూగ తోళ్ల మీదే నడిచింది.

విల్లో రెన్‌లు మూడు రకాలేమోనన్న అనుమానం వైట్ కంటే ముందే ఒకరికి వచ్చింది. ఆయన పేరు విలియం డెర్హామ్, ఆయనా పాదిరే. ఆ సంగతి పాత ఉత్తరాల సంపుటంలో చదివి, వైట్ 1767లోనే పెన్నంట్‌కు ప్రస్తావించాడు. ఈ డెర్హామ్ మామూలు మనిషి కాదు. 18వ శతాబ్దం మొదట్లో దూరాన తుపాకులు పేల్పించి, మెరుపుకీ మోతకీ మధ్య వ్యవధి కొలిచి, గాలిలో శబ్దం వేగాన్ని లెక్కగట్టినవాడు. పిట్టల విషయంలో మాత్రం ఆయన అనుమానం అనుమానంగానే మిగిలిపోయింది. మూడింటినీ విడదీసే ఆనవాళ్లు రాసిపెట్టినవాళ్లు లేరు.

1768 ఏప్రిల్ 18 నాటి ఉత్తరం ఈ కథలో అసలు మలుపు. మూడు రకాలున్నాయన్న సంగతిలో తనకు సందేహం లేదని, రెండు తనకు బాగా తెలుసని, మూడోది ఇంకా చేతికి చిక్కలేదని వైట్ అందులో రాశాడు. ఆ రెండింటి గొంతులకూ ఎక్కడా పోలిక లేదు. ఒకదానిది హాయిగా, నవ్వుతున్నట్టు సాగే పాట. ఇంకొకదానిది కటువైన, గట్టి కిచకిచ. మొదటిదాన్ని పాడేది అనీ, రెండోదాన్ని కిచకిచలాడేది అనీ పిలుచుకున్నాడు. కిచకిచలాడేది మార్చి నడిమికల్లా వచ్చి, తన రెండు స్వరాలూ మొదలుపెట్టి, ఆగస్టు చివరిదాకా ఆపదు. ఇవాళ మనం దాన్ని చిఫ్‌చాఫ్ అంటున్నాం. పాడేది విల్లో వార్బ్లర్. దాని పాట పైనుంచి మొదలై ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, మెల్లగా ఆరిపోతుంది.

వైట్ చెవితో విని ఊరుకోలేదు. రెండింటినీ తూచాడు. పాడేది రెండున్నర డ్రాములు, కిచకిచలాడేది రెండు. మందులు తూచే డ్రాము లెక్కన చూస్తే ఇవి దాదాపు పది గ్రాములు, ఎనిమిది గ్రాములు అవుతాయి. ఇప్పుడు వలలో పట్టి తూచి వదిలేవాళ్ల లెక్కలూ ఇంచుమించు ఆ పరిధిలోనే ఉంటాయి. పొడవులో ముప్పావు అంగుళం తేడా. కాళ్లు చూశాడు. పెద్దదాని కాళ్లు మాంసపు రంగు, చిన్నదానివి నలుపు. ఇప్పటి పక్షుల పుస్తకాలు కూడా ఈ రెండింటినీ విడదీయడానికి మొదట చెప్పే గుర్తుల్లో కాళ్ల రంగు ఒకటి. ఇవాళ్టివాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి రెక్క పొడవు చూస్తారు. విల్లో వార్బ్లర్ సహారా దాటి ఆఫ్రికా లోపలికి పోయి శీతాకాలం గడుపుతుంది. అంత దూరం ఎగరాలి గనక దాని రెక్క పొడవు. చిఫ్‌చాఫ్‌లలో చాలావరకు మధ్యధరా సముద్రం చుట్టుపక్కలే ఆగిపోతాయి, వాటి రెక్క పొట్టి, గుండ్రం.

ఇక మూడోది. అది తోటల్లో, కంచెల దగ్గర దొరికే రకం కాదు. పొడవాటి బీచ్ చెట్ల కొనల్లోనే ఉంటుంది. అంటే హాంగర్‌లో, వైట్ ఇంటి వెనకే. ఉండుండి మిడత చేసే చప్పుడులా సన్నగా బుసకొట్టినట్టు పాడుతుంది, పాడేటప్పుడు రెక్కలు కొద్దిగా వణుకుతాయి. వేసవిలో ఎప్పుడో ఆయన దాన్ని సంపాదించాడు. ఆగస్టు ఉత్తరం నాటికి మూడూ ఎదురుగా ఉన్నాయి. సైజులో మూడూ మూడు మెట్లు. అన్నిటికంటే చిన్నదానికి నల్ల కాళ్లు, తక్కిన రెంటికీ మాంసపు రంగు కాళ్లు. అన్నిటికంటే పసుపు ఎక్కువున్నదే అన్నిటికంటే పెద్దది. దాని రెక్క ఈకల కొసలకు తెల్లటి అంచులున్నాయి, మిగతావాటికి లేవు. ఈ మూడో పిట్టే వుడ్ వార్బ్లర్. దాని పాట విన్నవాళ్లకు తోచే పోలిక ఒకటుంది. రూపాయి బిళ్లను గచ్చు మీద బొంగరంలా తిప్పి వదిలితే, పడిపోయే ముందు అది ఎలా గలగలమని వేగం పుంజుకుంటుందో, అచ్చం అలా ఉంటుంది.

వైట్ చేసిన పనిలో గొప్ప అంతా ముందు పాట, తర్వాత ఒళ్లు అన్న వరుసలో ఉందని నాకనిపిస్తుంది. పాటలో తేడా ఎవరికైనా వినిపించవచ్చు. ఒక పిట్టే రెండు రకాలుగా పాడుతోందని, లేదా మగ ఒక రకం, ఆడ ఇంకో రకం అని సరిపెట్టుకోవచ్చు. ఆయన అలా సరిపెట్టుకోలేదు. ఈ గొంతున్న పిట్ట ప్రతిసారీ ఇదే పాడుతోందా అని ఏళ్లతరబడి విన్నాడు. అది ఎప్పుడొస్తుంది, ఎక్కడ కూర్చుంటుంది, ఎప్పుడు మానేస్తుంది అని చూశాడు. ఆ తర్వాత పిట్టను చేతిలోకి తీసుకుని కాలు, రెక్క, బరువు చూస్తే, పాట ఎక్కడ విడిపోయిందో సరిగ్గా అక్కడే ఒళ్లూ విడిపోయింది. ఒకదాంతో ఒకటి సంబంధం లేని గుర్తులు నాలుగైదు ఒకే చోట గీత గీస్తే, ఆ గీత మనం ఊహించుకున్నది కాదు.

అదే ఏప్రిల్ ఉత్తరంలో ఇంకో పిట్ట సంగతి ఉంది. ఇది గ్రాస్‌హాపర్ వార్బ్లర్. పొదలోపల కూర్చుని కీచురాయిలా ఆగకుండా గిర్రుమంటుంది. అది వంద గజాల దూరాన ఉన్నా పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది, చెవి దగ్గరకొచ్చినా దూరంగా ఉన్నట్టే ఉంటుంది. ఆ చప్పుడు పిట్టదని చెబితే పల్లెజనం నవ్వుతారని వైట్ రాశాడు. పురుగుల సంగతి కాస్త తెలిసి, మిడతలు ఇంకా పుట్టే కాలం కాదని ఎరిగి ఉండకపోతే, అది పొదలోని మిడతేనని తనూ నమ్మేవాడట. దాన్ని కళ్లారా చూడటానికి పడిన పాట్లు చదువుతుంటే సరదాగా ఉంటుంది. ముళ్లకంచె అడుగున అది ఎలుకలా పాకుతూ పోతుంది. కంచెకు అవతల ఒక మనిషిని నడిపిస్తే, వాళ్ల ముందు వంద గజాల మేర ఈ పిట్ట పాకుతూనే పోతుంది, బయటపడదు. తెల్లవారుజామున అలికిడి లేనప్పుడు మాత్రం రెమ్మ కొసన కూర్చుని నోరు తెరిచి, రెక్కలు వణికిస్తూ పాడుతుంది.

ఇంత నిశితంగా చూసిన మనిషికీ ఒక బలహీనత ఉంది. వానకోయిలలు శీతాకాలం ఎక్కడికి పోతాయన్న చర్చలో, కొన్ని ఇక్కడే ఏ గోడ కంతల్లోనో నిద్రపోతాయేమోనన్న ఆశ ఆయన్ను జీవితాంతం వదల్లేదు. తమ్ముడు జాన్ జిబ్రాల్టర్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడ వలసపిట్టలు సముద్రం దాటడం చూసి ఉత్తరాలు రాస్తున్నా సరే.

పాట విని జాతిని చెప్పవచ్చునన్న మాటకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది వైట్ రెండో కలం స్నేహితుడే. డెయిన్స్ బారింగ్టన్ న్యాయవాది, అన్ని విద్యల్లోనూ వేలుపెట్టే రకం. లండన్ వచ్చిన పసి మొజార్ట్‌ను 1765లో స్వయంగా పరీక్షించి, ఆ సంగతంతా రాయల్ సొసైటీకి రాసి పంపినవాడు ఈయనే. వైట్ 1768 నుంచి నింపుకుంటూ వచ్చిన గళ్ల డైరీని తయారుచేసిందీ ఈయనే. 1773లో బారింగ్టన్ పక్షుల పాట మీద తన ప్రయోగాలు ప్రకటించాడు. లిన్నెట్ పిల్లల్ని గూట్లోంచి తీసుకొచ్చి, భరతపక్షి దగ్గర పెంచితే అవి పెద్దయ్యాక భరతపక్షి పాటే పాడాయి. అంటే పాట పుట్టుకతో వచ్చేది కాదు, విని నేర్చుకునేది. అలాంటప్పుడు పాటను జాతికి ఆనవాలుగా ఎలా తీసుకోవాలి? దీనికి సరైన జవాబు రావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

వైట్ ఉత్తరాలు పుస్తకంగా 1788 చివర్లో వచ్చాయి. దాని మీద 1789 అని ఉంటుంది. అచ్చువేసింది ఆయన తమ్ముడు బెంజమిన్. అప్పటినుంచి అది అచ్చులోంచి తప్పుకోలేదంటారు. అయితే ఆ మూడు పిట్టలకూ లాటిన్ పేర్లు పెట్టే పని వైట్ ముట్టుకోలేదు. వుడ్ వార్బ్లర్‌కు 1790ల్లో జర్మన్ పండితుడు బెహ్‌ష్టైన్, చిఫ్‌చాఫ్‌కు 1817లో ఫ్రెంచి పండితుడు వీయో పేర్లు పెట్టారు. పేరు పెట్టినవాడికే జాతి దక్కాలన్నది శాస్త్రంలో నియమం. అందుకే ఏ పక్షి పక్కనా గిల్బర్ట్ వైట్ పేరు శాస్త్రకర్తగా కనిపించదు. నియమం మంచిదే గానీ ఈ ఒక్కచోట కొంచెం అన్యాయం అనిపిస్తుంది.

కథ ఇక్కడినుంచి కలకత్తా చేరుతుంది. 1836లో సెల్బోర్న్ పుస్తకానికి కొత్త వ్యాఖ్యానాలతో ఒక కూర్పు వచ్చింది. దాన్ని సిద్ధం చేసింది ఎడ్వర్డ్ బ్లైత్, పాతికేళ్ల లండన్ కుర్రాడు. లండన్ శివార్లలో మందుల దుకాణం పెట్టి, పిట్టల వెంట తిరుగుతూ దాన్ని దివాలా తీయించినవాడు. 1841లో ఏషియాటిక్ సొసైటీ వాళ్ల మ్యూజియం చూసుకునే ఉద్యోగం మీద ఆయన కలకత్తా వచ్చాడు. జీతం కొంచెం, పని కొండంత. చిల్లర పిట్టలన్నీ ఒకటే అనుకోకూడదని వైట్ దగ్గర నేర్చుకున్న పాఠం ఇక్కడ పనికొచ్చింది. ఉత్తరాదినుంచి చలికి దిగివచ్చే ఆకుపచ్చ పిట్టల్ని వరుసగా విడదీసి 1843లో పేర్లు పెట్టాడు. సైబీరియా చిఫ్‌చాఫ్ అందులో ఒకటి. కాకసస్ కొండల్లో గూళ్లు కట్టి మన పశ్చిమ కనుమలకు వచ్చే గ్రీన్ వార్బ్లర్ ఇంకొకటి. మన మామిడితోటల్లో, చింతచెట్ల మీద చలికాలమంతా అరుస్తూ తిరిగే గ్రీనిష్ వార్బ్లర్‌లో పడమటి రకం మూడోది. 1849లో ఆయన పేరుపెట్టిన రీడ్ వార్బ్లర్‌ను ఇప్పుడు బ్లైత్ పేరుతోనే పిలుస్తారు. హైదరాబాదులో ఏ పెరటి పొదలోనైనా చలికాలంలో చక్, చక్ అని నాలుక చప్పరించినట్టు వినిపిస్తే అది చాలావరకు ఇదే.

బ్లైత్ ముందున్నవి ఎక్కువగా తోళ్లే. ఆ తోళ్లమధ్య తేడా పట్టడం ఎంత కష్టమో ఆ తర్వాతి తరం అనుభవించింది. ఎటావాలో రైల్వే ఇంజనీరుగా పనిచేసిన విలియం బ్రూక్స్ ఈ పిట్టల మీద మక్కువతో చాలా రకాలను విడదీశాడు. అదే ఎటావాకు కలెక్టరుగా చేసిన ఏ.ఓ. హ్యూమ్ ఆయన మిత్రుడు. మనకు కాంగ్రెస్ స్థాపకుడిగా తెలిసిన హ్యూమే. బ్రూక్స్ తన కొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నాడు, 1878లో ఒక పిట్టకూ పెట్టాడు. ఆ హ్యూమ్ వార్బ్లర్ ప్రత్యేక జాతి అన్న మాటను పండితులు చాలాకాలం ఒప్పుకోలేదు. చూడ్డానికి సైబీరియాలోని యెల్లోబ్రౌడ్ వార్బ్లర్‌తో అంత దగ్గర పోలిక. నూరేళ్లు గడిచాక, దాని పాట, పిలుపు వేరని రికార్డింగులతో తేలాకే 1990ల్లో దానికి జాతి హోదా దక్కింది.

పిట్ట గొంతును బంధించి పెట్టుకోవడం మొదలైందీ మన అడవి పిట్టతోనే. 1889లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ కోహ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడికి తండ్రి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కొనిచ్చాడు. వాడు పంజరంలో ఉన్న షామా పాటను దానితో మైనపు స్తూపం మీద ఎక్కించాడు. ఇప్పటిదాకా మిగిలిన పిట్టపాటల రికార్డుల్లో అదే మొట్టమొదటిది. కోహ్ తర్వాత నాజీల నుంచి తప్పించుకుని ఇంగ్లండు చేరి, బీబీసీలో పిట్టల గొంతుల మనిషిగా ఇంటింటికీ తెలిశాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1929 మేలో సినిమా కంపెనీ పరికరాలు అరువు తెచ్చి ఇథాకా పార్కులో పిట్టల్ని రికార్డు చేశారు. అయినా రికార్డు విన్నా చెవే తీర్పు చెప్పాలి కదా. ఒకడికి లీ అని వినిపించింది ఇంకొకడికి వీ అని వినిపిస్తే గొడవ తీరేది ఎలా?

అది తీర్చింది స్పెక్ట్రోగ్రాఫ్. 1940ల్లో బెల్ ప్రయోగశాలల్లో మనిషి మాటను బొమ్మగా మార్చడానికి తయారైన యంత్రం. కాలం అడ్డంగా, స్వరస్థాయి నిలువుగా, గొంతు గట్టిదనం నలుపుగా కాగితం మీద పడుతుంది. 1950ల్లో కేంబ్రిడ్జిలో విలియం థోర్ప్ దాన్ని చాఫించ్ అనే పిట్ట పాటకు వాడాడు. పిల్లప్పటినుంచి ఏ పాటా వినకుండా పెంచిన చాఫించ్ కూడా పాడుతుంది. పాట పొడవు, స్వరస్థాయి సుమారుగా సరిపోతాయి గానీ లోపలి అల్లిక, చివరి విసురు ఉండవు. చట్రం పుట్టుకతో వస్తుంది, నింపేది వినికిడి. బారింగ్టన్ ప్రయోగానికీ వైట్ పరిశీలనకీ మధ్య ఉన్న పేచీ దీంతో చాలావరకు తీరింది. పంజరంలో భరతపక్షి పాట తప్ప ఇంకోటి వినని లిన్నెట్ దాన్నే నేర్చుకోవచ్చు. అడవిలో మాత్రం పిల్ల తన జాతి పాటను ఎంచుకుని వింటుంది, అదే పాడుతుంది. అప్పుడప్పుడు తడబడేవీ లేకపోలేదు. విల్లో వార్బ్లర్ ఒకటి తన పాట మొదలుపెట్టి మధ్యలో చిఫ్‌చాఫ్ రెండు స్వరాల్లోకి దిగడం యూరప్‌లో చాలామంది విన్నారు.

నేర్చుకోని పిట్టలూ ఉన్నాయి. ఉత్తర అమెరికాలో ట్రెయిల్స్ ఫ్లైక్యాచర్ అని ఒక బూడిదపచ్చ పిట్ట ఉండేది. అది రెండు రకాలుగా పాడుతుందని అందరికీ తెలుసు. చేతిలో పెట్టుకుని చూసినా రెంటినీ విడదీయడం నిపుణులకే కష్టం. రాబర్ట్ స్టైన్ పరిశోధనలో ఒక పాట పాడేది ఇంకో పాట పాడేవాటితో జతకట్టదని తేలింది. 1973లో దాన్ని ఆల్డర్, విల్లో అని రెండు జాతులు చేశారు. తర్వాత డొనాల్డ్ క్రూడ్స్‌మా ఒకదాని పిల్లలకు రెండోదాని పాట వినిపిస్తూ పెంచి చూశాడు. అవి పట్టించుకోకుండా తమ పాటే పాడాయి.

మన దేశంలోనే 2009లో ఇలాంటిది జరిగింది. అరుణాచల్ కొండల్లో పెర్ ఆల్‌స్ట్రోమ్, శశాంక్ దాల్వి అనే ఇద్దరు పక్షిశాస్త్రజ్ఞులు ప్లెయిన్‌బ్యాక్‌డ్ థ్రష్ అనే పిట్ట పాట వింటున్నారు. చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, రాళ్లమీద పాడేవాటి గొంతు కీచుగా, గరగరలాడుతోంది. కింద సూదాకుల చెట్ల అడవిలో పాడేవాటిది తీయగా ఉంది. తర్వాత మ్యూజియాల్లోని పాత తోళ్లు బయటికి తీసి కొలిస్తే ముక్కు, కాలు, తోక, రెక్క కొలతలు కూడా వేరుపడ్డాయి. 2016లో అడవి పిట్టకు సలీం అలీ పేరు పెట్టారు. నూరేళ్లకు పైగా అందరి కళ్లముందూ సొరుగుల్లో ఉన్న తోళ్లే అవి.

మళ్లీ ఆకుపచ్చ పిట్టల దగ్గరికి వస్తే, మన ప్రాంతంతో నేరుగా ముడిపడిన పరిశోధన ఒకటుంది. ట్రెవర్ ప్రైస్ 1979లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల పక్షుల మీద పెద్ద వ్యాసం రాశాడు. 1981లో గ్రీనిష్ వార్బ్లర్ చలికాలం బతుకు మీద ఇంకోటి రాశాడు. ఆ పిట్ట చలికాలంలో చేసేది ప్రధానంగా రెండు పనులు, పురుగులు ఏరుకోవడం, తన జాగాలోకి ఇంకోటి రాకుండా అరవడం. అది గూడు పెట్టే చోట్లు హిమాలయాల నుంచి టిబెట్ పీఠభూమికి రెండు పక్కలా సైబీరియా దాకా వలయంలా పరుచుకుని ఉంటాయి. డారెన్ ఇర్విన్, స్టాఫాన్ బెన్ష్‌లతో కలిసి ప్రైస్ 2001లో ప్రకటించిన సంగతి ఇది. హిమాలయాల దగ్గర మొదలుపెట్టి పడమటి పక్కగా ఉత్తరానికి పోయేకొద్దీ పాట పొడవై, అల్లిక చిక్కబడుతుంది. తూర్పు పక్కగా పోయినా అంతే, కానీ ఇంకో తీరుగా. పక్కపక్క ఊళ్ల పిట్టల మధ్య తేడా పెద్దగా తెలియదు. రెండు దారులూ నడిసైబీరియాలో కలిసేచోట మాత్రం, ఒక రకం పాటను రికార్డు చేసి వినిపిస్తే రెండో రకం అసలు ఖాతరు చేయదు. చూపుకు ఆనే తేడా రెక్క మీది చార దగ్గర మాత్రమే. తూర్పువాటికి రెండు, పడమటివాటికి ఒకటి. ఆ పడమటివే, బ్లైత్ పేరు పెట్టినవే, భారతదేశానికి దిగుతాయి. తూర్పువి ఆగ్నేయాసియాకు పోతాయి.

ఇవి సెప్టెంబరు, అక్టోబరుల్లో మన వైపు వచ్చి ఏప్రిల్, మే మొదటివారాల దాకా ఉంటాయి. పాట గూళ్ల దగ్గరికి దాచుకుని, ఇక్కడ పిలుపులే ఎక్కువగా వినిపిస్తాయి. గ్రీనిష్ వార్బ్లర్ పిలుపు రెండు ముక్కలు, చిస్-వీ అన్నట్టు, చిట్టచివర పైకి లేస్తుంది. పశ్చిమ కనుమల్లో దొరికే గ్రీన్ వార్బ్లర్‌ది మూడు ముక్కలు, చి-రి-వీ. వాటి ఒంటి మీద రంగు తేడా కొత్త ఈకలప్పుడే కొంచెం తెలుస్తుంది. ఫిబ్రవరి నాటికి ఈకలు అరిగి, గ్రీనిష్ రెక్క మీద ఉన్న ఒక్క చారా మాసిపోతుంది. కార్నెల్ వాళ్లు తమ ఫోన్ యాప్‌లో 2021లో చేర్చిన సదుపాయం పిట్టగొంతును ముందు స్పెక్ట్రోగ్రాఫ్ బొమ్మగా మార్చి, ఆ బొమ్మను గుర్తుపట్టి పేరు చెబుతుంది. పొడవాటి పాటలకు అది బాగా పనిచేస్తుంది. ఇలాంటి అరసెకను పిలుపు దగ్గర, పక్కన కాకి అరుస్తుంటే, తప్పులు చేస్తుంది. చెట్టు కింద నిలబడి ముక్కలు రెండా మూడా అని లెక్కపెట్టుకునే మనిషికి అక్కడ ఇంకా పనుంది.